తిన్నది ఒంటికి పట్టాలంటే: గోధుమ లేని శాకాహారంలో కేలరీలు పెంచే పద్ధతి

గోధుమ మానేయమని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్ళకు చపాతీ, ఉప్మా, బిస్కెట్టు కళ్ళముందు మెదులుతాయి. అవి పోతే ఇంకేం పెట్టాలన్న దిగులు పట్టుకుంటుంది. తిరుపతి, చిత్తూరు వైపు ఆ దిగులు అంతగా అక్కర్లేదు. సంగటి, అన్నం, ఇడ్లీ, పొంగలి, ఊరుబిండి అనే శెనక్కాయల పచ్చడి, పప్పు, పెరుగు, అరిసెలు, వీటిలో దేంట్లోనూ గోధుమ లేదు. చిక్కంతా మన తిండిలో ఉన్న నీళ్ళతో. చారన్నం, మజ్జిగన్నం, పలచటి జావ కడుపు నింపేస్తాయి, కేలరీలు మాత్రం కొంచెమే ఇస్తాయి. బరువు తగ్గి నీరసించిన మనిషికి ఆకలీ అంతంతమాత్రమే. 'ఇంకో రెండు ముద్దలు తిను' అని బతిమాలితే పని జరగదు. ముద్దలెన్ని తింటున్నారో అన్నే ఉంచి, ముద్దలో సరుకు పెంచాలి.

వంటింట్లోకి పోయే ముందు ఒక మాట. గోధుమ పడట్లేదన్న అనుమానం మాత్రమే ఉంటే, పరీక్షలు అయ్యేదాకా గోధుమ మానకండి. గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల పేగు దెబ్బతినే జబ్బును సీలియాక్ అంటారు. దానికి చేసే టీటీజీ–ఐజీఏ రక్తపరీక్ష గానీ, ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూడడం గానీ, మనిషి గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా తేలుతాయి. ముందే మానేస్తే రిపోర్టు మామూలుగా వచ్చి, జబ్బుందో లేదో తెలియకుండా పోతుంది. షుగరు ఉన్నవాళ్ళు కింద చెప్పిన బెల్లం వంటకాల జోలికి డాక్టరును అడగకుండా పోవద్దు.

దేంట్లో ఎంతుంది

కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది. పిండిపదార్థాలు, మాంసకృత్తులు 4 చొప్పున ఇస్తాయి. నెయ్యి, నూనె, శెనక్కాయలు, నువ్వులు, కొబ్బరి మన పనికి ఎందుకొస్తాయో ఈ ఒక్క లెక్కలోనే ఉంది. టీస్పూను నెయ్యిలో 45 కేలరీలు. టేబుల్‌స్పూను శెనక్కాయ నూనెలో 120. వేయించిన శెనక్కాయ గింజలు గుప్పెడు, అంటే 30 గ్రాములు, 170. టేబుల్‌స్పూను నువ్వులు 50. పచ్చికొబ్బరి ముక్క 40 గ్రాములది 140 దాకా. గేదెపాలు 200 మి.లీ. గ్లాసుకు సుమారు 200. వీటి పక్కన ఉడికిన అన్నం 100 గ్రాములకు 130 మాత్రమే. ఇక చారు గరిటెడు పోసుకుంటే వచ్చేది చెప్పుకోదగ్గదే కాదు.

ఇప్పుడు తింటున్నదానికి రోజుకు 300 నుంచి 500 కేలరీలు కలిపితే వారానికి పావు నుంచి అర కిలో పెరగొచ్చు. అంతకంటే తొందర పడితే పెరిగేది ఎక్కువగా కొవ్వే. మొదటి రోజే ఐదు స్పూన్ల నెయ్యి పోస్తే విరేచనాలో, గుండెల్లో మంటో వచ్చి మనిషి నెయ్యి పేరెత్తితేనే మొహం తిప్పుకుంటాడు. 150 కేలరీలు కలపండి, నాలుగు రోజులు చూడండి, పడితే ఇంకో 150.

జావ: పొద్దున్నే ఐదొందల కేలరీలు

మామూలుగా గ్లాసు నీళ్ళలో చెంచాడు రాగిపిండి కాచి, మజ్జిగ కలిపి తాగే జావలో 70 కేలరీలు కూడా రావు. ఎండలో పొలానికి పోయేవాళ్ళకు అది చలవ. బరువు పెరగాల్సినవాళ్ళకు ఆ జావ చాలదు. పిండి ఎక్కువ వేస్తే గరిట తిరగనంత గట్టిపడుతుంది, తాగలేరు. దీనికి విరుగుడు మొలకెత్తిన రాగులు. మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టి జావను పలచన చేస్తుంది. అప్పుడు అదే గ్లాసులో రెట్టింపు పిండి వేసినా జారుగా ఉంటుంది.

అర కిలో రాగులు రాళ్ళు ఏరి, కడిగి, 10–12 గంటలు నానబెట్టండి. మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్ళు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. నీళ్ళు వంపి, తడిగుడ్డలో మూట కట్టి పెడితే చలికాలంలో 24 నుంచి 36 గంటల్లో తెల్లటి మొలక నువ్వుగింజంత వస్తుంది. తిరుపతి ఎండాకాలంలో ఒక రోజు కూడా పట్టదు. అరగంటకోసారి చూడనక్కర్లేదు గానీ, పూటపూటకీ మూట విప్పి చూసి నీళ్ళు చిలకరించండి. బంకగా, జిగటగా తగిలితే, బూజు కనిపిస్తే మొత్తం పారేయడమే. కడిగి వాడుకుందామని చూడొద్దు. మొలక వచ్చాక రెండు రోజులు ఎండలో ఆరబోయాలి. పంటి కింద గింజ పుటుక్కున విరిగితే ఎండినట్టు. చేత్తో నలిపి, చేటలో చెరిగి, మొలకలు పోగొట్టండి.

తరవాత సన్నటి సెగ మీద గింజ వేడెక్కి కమ్మటి వాసన వచ్చేదాకా తిప్పి దించేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రుచి కోసం మాడ్చినంత పని చేస్తారు. ఆ వేడికి ఎంజైము చచ్చిపోతుంది, మొలకెత్తించిన శ్రమంతా వృథా అయి జావ మళ్ళీ గట్టిపడుతుంది.

ఒక మనిషికి కొలత: ఈ పిండి 40 గ్రాములు, నీళ్ళు 150 మి.లీ., గేదెపాలు 200 మి.లీ., తురిమిన బెల్లం 20 గ్రాములు, వేయించిన శెనక్కాయల పొడి టేబుల్‌స్పూను నిండుగా, నెయ్యి టీస్పూను. పిండిని చల్లటి నీళ్ళలోనే కలపాలి, వేడినీళ్ళలో పోస్తే ఉండలు కడుతుంది. సన్నటి సెగ మీద కలియబెడుతూ 7–8 నిమిషాలు ఉడికించండి. మొదట చిక్కబడి, కాసేపటికి పలచనవుతుంది, కంగారు పడి ఇంకా పిండి వేయొద్దు. పాలు పోసి ఒక పొంగు రానిచ్చి దించండి. బెల్లం దించాక, కాస్త వేడి తగ్గాకే వేయాలి. పొయ్యి మీద వేస్తే పాలు విరుగుతాయి. చివర్లో శెనక్కాయల పొడి, నెయ్యి. మొత్తం 530 కేలరీల దాకా వస్తుంది, తాగడానికి ఐదు నిమిషాలు. పైగా రాగుల్లో 100 గ్రాములకు 340 మి.గ్రా.కు తగ్గకుండా కాల్షియం ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్ళ ఎముకలకు అది కావాలి.

కొత్తగా సీలియాక్ బయటపడినవాళ్ళలో కొందరికి కొన్నాళ్ళు పాలు పడవు. పేగు లోపలి పొర దెబ్బతిని, పాలలోని లాక్టోజును అరిగించే ఎంజైము తగ్గడమే దానికి కారణం. పాలు తాగాక పొట్ట ఉబ్బరం, గుడగుడ ఉంటే ఆ 200 మి.లీ. బదులు చిక్కటి కొబ్బరిపాలు 100 మి.లీ., నీళ్ళు 100 మి.లీ. పోయండి. కేలరీలు తగ్గవు. పెరుగు చాలామందికి పడుతుంది. పేగు కోలుకునే కొద్దీ పాలు మళ్ళీ పడతాయి, వారానికోసారి కొంచెం తాగి చూసుకోవచ్చు.

సంగటి ముద్ద, ఊరుబిండి

గ్లాసు బియ్యం, గ్లాసు రాగిపిండి, ఐదు గ్లాసుల నీళ్ళు. బియ్యం బాగా మెత్తబడ్డాక పిండిని నడిమధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, సన్నటి సెగ మీద 8–10 నిమిషాలు వదిలేయాలి. పిండి ఆవిరికి ఉడికాకే తెడ్డుతో గెలకాలి. తొందరపడి ముందే గెలికితే పచ్చిపిండి ఉండలు మిగిలి కడుపునొప్పి తెస్తాయి. ఈ కొలతకు నాలుగు ముద్దలు వస్తాయి, ముద్దకు 250 కేలరీలు.

ముద్ద మధ్యలో గుంట చేసి రెండు టీస్పూన్ల నెయ్యి పోస్తే 90 కలిశాయి. పక్కన ఊరుబిండి పెడితే ఇంకో 200. నలుగురికి 120 గ్రాముల శెనక్కాయ గింజలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, అర నిమ్మకాయంత చింతపండు, ఆరు తెల్లగడ్డ రెబ్బలు, ఒక చిన్న ఎర్రగడ్డ, ఉప్పు. గింజలు సన్నటి సెగ మీద 8–10 నిమిషాలు వేయించి, పొట్టు నలిపి తీసేసి, మిరపకాయలు, చింతపండు, ఉప్పుతో రోట్లో బరకగా నూరండి. తెల్లగడ్డ, ఎర్రగడ్డ చివర్లో వేసి నాలుగు పోట్లు వేస్తే చాలు. తడి తగిలేంత నీళ్ళే చల్లాలి. మిక్సీలో గ్లాసుడు నీళ్ళు పోసి తిప్పితే అది చట్నీ అయిపోతుంది, ఒక్కో గరిటెలో గింజలు సగానికి పడిపోతాయి. వడ్డించేటప్పుడు పైన టీస్పూను పచ్చి శెనక్కాయ నూనె. ముద్ద సైజు పెరగలేదు, కేలరీలు మాత్రం రెట్టింపయ్యాయి.

గింజలు ఏరడంలో బద్ధకించొద్దు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, ఆకుపచ్చ బూజు పట్టినవి పారేయండి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ లివరును దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. వానాకాలంలో మూటలో పెట్టిన గింజలను ఇంకా జాగ్రత్తగా చూడాలి.

చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు ఊరుబిండికి తోడు పితికిపప్పు కూర చేసుకోవచ్చు. గింజలు రాత్రంతా నానబెట్టి పితికి, కొబ్బరి, గసగసాలు నూరి వేస్తే మాంసకృత్తులూ కేలరీలూ కలిసొస్తాయి. మిగతా రోజుల్లో అలసందలు, శనగలు, కందిపప్పు. మనిషికి రోజుకు ఎండుపప్పు కొలతలో 60–75 గ్రాములు, దానికి తోడు 300 గ్రాముల పెరుగు. బరువు పెరిగేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పట్టాలంటే ఇది తప్పదు.

జేబులో పెట్టుకునేవి

బయట తిరిగేవాళ్ళు ఆకలేసినప్పుడు దొరికేదే తింటారు, దొరికేది బిస్కెట్టూ, పఫ్పూ. అందుకే ఇంట్లో ఉండలు తయారుగా ఉండాలి. నువ్వులు 200 గ్రాములు చిటపటలాడేదాకా, శెనక్కాయ గింజలు 200 గ్రాములు పొట్టు ఊడేదాకా విడివిడిగా వేయించండి. పూర్తిగా చల్లారాక బరకగా పొడి కొట్టి, 250 గ్రాముల బెల్లం తురిమి వేసి, మిక్సీని ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పండి. గింజల్లోని నూనె ఊరి పిండి దానంతటదే ముద్ద కడుతుంది, పాకం పట్టాల్సిన పని లేదు. వేడిగా ఉండగా తిప్పినా, ఆపకుండా తిప్పినా నూనె తేలి జిడ్డు ముద్ద అవుతుంది. విడిపోతుంటే టీస్పూను నెయ్యి చాలు. 25 గ్రాముల ఉండలు 26 దాకా వస్తాయి, ఒక్కోటి 120 కేలరీల పైమాటే. పొడి డబ్బాలో రెండు వారాలు నిలవ ఉంటాయి.

సున్నుండలు కూడా ఇలాంటివే, కాకపోతే నెయ్యి ఎక్కువ. గుడి నుంచి వచ్చిన కొబ్బరి చిప్పను ఫ్రిజ్‌లో ఎండబెట్టేసే బదులు సగం చిప్ప, చిన్న బెల్లం ముక్క సాయంత్రం నాలుగింటికి తినేయండి. బొరుగుల్లో శెనక్కాయలు, పప్పులు, రెండు చెంచాల నూనె, ఎర్రగడ్డ ముక్కలు కలిపితే అదొక టిఫిను. ఉత్త బొరుగులు మాత్రం గాలే. మామిడికాలంలో రోజూ ఒక బంగినపల్లిని గేదెపెరుగులో ముక్కలుగా కలుపుకుంటే వేరే తీపి అక్కర్లేదు.

వరస మార్చడం కూడా ఒక కిటుకే. భోజనానికి ముందు గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగొద్దు. మొదటి ముద్ద పప్పుల పొడి, నెయ్యితో, రెండోది ముద్దపప్పు, కూరతో. చారు, మజ్జిగ చివర్లో, కడుపులో చోటుంటేనే. టీ అన్నం తిన్న వెంటనే తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా అందదు, గంట ఆగండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే ఇనుము బాగా అందుతుంది.

రాత్రి అన్నం సహించనివాళ్ళకు పొంగలి. బియ్యం 60 గ్రాములు, పెసరపప్పు 30, నెయ్యి టేబుల్‌స్పూను, జీడిపప్పు పది గ్రాములు, మిరియాలు, జీలకర్ర: చిన్న గిన్నెలో 500 కేలరీలు ఒదిగిపోతాయి.

గోధుమ దొంగచాటుగా దూరే చోట్లు

ఇంత పెట్టినా బరువు కదలకపోతే, తెలియకుండా గోధుమ లోపలికి పోతోందేమో చూడాలి. పేగు మానకపోతే తిన్నది ఒంటికి పట్టదు.

అన్నిటికంటే ముందు ఇంగువ డబ్బా. బజారులో దొరికే ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది జిగురూ పిండీ. ఆ పిండి చాలాసార్లు మైదాయో, గోధుమపిండో అయి ఉంటుంది. బియ్యప్పిండితో చేసినవీ ఉన్నాయి. ముద్దయినా పొడయినా దినుసులు చదివి కొనండి. దొరక్కపోతే మానేసి తెల్లగడ్డ తాలింపు పెట్టండి, తెల్లగడ్డ తినని ఇళ్ళలో జీలకర్ర, మిరియాలు చాలు. కొన్న సాంబారు పొడి, ఊరగాయ, అప్పడాల్లోనూ ఈ ఇంగువే ఉంటుంది.

తరవాత పిండి మిల్లు. మీ రాగులకు ముందు ఎవరిదో గోధుమలు ఆడి ఉంటే, రాళ్ళ మధ్య, గొట్టంలో మిగిలిన పిండి మీ సంచిలోకే వస్తుంది. ముందు కిలో బియ్యం ఆడించి పారబోస్తే తగ్గుతుందేమో గానీ, సీలియాక్ ఉన్నవాళ్ళకు ఆ భరోసా చాలదు. రాగులు, మినుములు, శనగపప్పు ఇంట్లో మిక్సీలోనే పావుకిలో చొప్పున పట్టుకోవడం మేలు. జల్లెడ కూడా వేరే ఉండాలి. గోధుమపిండి జల్లించిన జల్లెడ కళ్ళలో పిండి ఇరుక్కుని ఎంత కడిగినా పోదు. చపాతీ పెనం, చెక్క తెడ్డు, పీట, కర్ర అన్నీ అంతే.

బరువు పెరగాలనగానే చుట్టాలు తెచ్చిచ్చేది హార్లిక్స్ లాంటి డబ్బా. వాటిలో ఉండే మాల్ట్ బార్లీది, గోధుమ కూడా కలుస్తుంది, పనికిరావు. ఇంటి రాగి మాల్ట్‌లో మాల్ట్ అంటే రాగి మొలకే, దాంతో ఇబ్బంది లేదు. కొన్న రాగి మాల్ట్ పాకెట్టయితే బార్లీ, గోధుమ కలిపారేమో చూడండి. ఓట్సు కూడా గ్లూటెన్ లేదని ముద్ర ఉన్నవే కొనాలి. మన దేశంలో ఆ ముద్ర వేయాలంటే కిలోకు 20 మి.గ్రా. మించి గ్లూటెన్ ఉండకూడదు.

రవ్వ పేర్లు జాగ్రత్త. ఇడ్లీ రవ్వ బియ్యానిది. బొంబాయి రవ్వ గోధుమదే. తిరుపతిలో ఇంటింటా ఉండే శనివారం ఒక్కపొద్దు దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. రాత్రికి అన్నం తినకూడదని ఉప్మానో, చపాతీనో చేస్తారు. వాటి బదులు సామల ఉప్మా, మినపరొట్టె, సగ్గుబియ్యం కిచిడీ చేసుకోవచ్చు, గుప్పెడు శెనక్కాయలు వేసి.

పండగపూట ఓళిగలు (బొబ్బట్లు) మైదావి, పూర్ణాలు బియ్యం, మినప్పిండి తోపువి. కజ్జికాయలు వదిలి అరిసెలు తినండి. జిలేబీ మైదాతో, జాంగ్రీ మినప్పప్పుతో చేస్తారు. కేసరి, గులాబ్‌జాము వద్దు. తిరుమల లడ్డులో పడేవి శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు, పటికబెల్లం. దినుసుల్లో గోధుమ లేదు. బయట కొన్న లడ్డు సంగతి వేరు, శనగపిండిలో ఏం కలిసిందో అడిగి తినండి. హోటల్లో దోసె కంటే ఇడ్లీ నయం. దోసె పోసిన పెనం మీదే రవ్వ దోసె పోస్తారు, వడ వేగిన నూనెలోనే పూరీ వేగుతుంది.

బరువు చూసుకోవడం

వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున బాత్రూముకు వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, అదే మిషను మీద. రోజూ చూస్తే నీళ్ళ బరువు అటూ ఇటూ ఊగి మనసు పాడు చేస్తుంది. రెండు వారాలకు కదలకపోతే ఇంకో ఉండ, ఇంకో చెంచా నెయ్యి. నాలుగు వారాలైనా కదలకపోతే వంటింటి అలమర తెరిచి ఇంగువ నుంచి అప్పడం దాకా ఒక్కో డబ్బా మీది దినుసులు మళ్ళీ చదవండి, వాడే మాత్రల్లో గోధుమ పిండి ఉందేమో మందుల షాపులో అడగండి. అక్కడా ఏమీ దొరక్కపోతే టీటీజీ, థైరాయిడ్, షుగరు, బీ12 పరీక్షలకు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పోయేటప్పుడు వారం రోజులు తిన్నదంతా కొలతలతో రాసిన కాగితం తీసుకెళ్ళండి.